అమ్మ చీర... అమ్మాయి గౌను!

బీరువా అడుగున పాతికేళ్లుగా మడతల్లో ఉన్న అమ్మ పెళ్లిచీర బొటిక్‌కి వెళ్లి, బుట్టచేతుల పొడవాటి గౌనై తిరిగొచ్చింది. బాబాయి కూతురి పెళ్లిలో అమ్మాయి అది తొడుక్కుంటే చుట్టాలంతా మెచ్చుకున్నారు. తీరా ఇంటికొచ్చి విప్పేసరికి చంక దగ్గర వేలెడు చిరుగు! అమ్మ ఏమీ అనలేదు. ఆ చిరుగు మీద చెయ్యి వేసి అలా ఉండిపోయింది. కొత్త గుడ్డయితే మరోటి కొనుక్కోవచ్చు. ఆ చీర మళ్లీ రాదుగా! అందుకే పాతకాలం ఫ్యాషన్ కోరుకునేవారు అందంతోపాటు దాని ఆయుష్షు గురించీ ఆలోచించాలి.

కుట్టించే ముందే...

పాత పట్టు ముందుగా చిట్లేది మడతల దగ్గరే. చీరను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే దారాలు పలచబడ్డ చోటు తెలిసిపోతుంది. ఆ భాగం చంకలకీ నడుముకీ రాకుండా కత్తిరించమనండి. లోపల కాటన్ లైనింగ్ తప్పనిసరి. దాన్ని ముందే నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. లైనింగ్ పట్టు కన్నా కాస్త బిగువుగా ఉంటే లాగుడంతా దానిమీదే పడుతుంది. అన్నట్టు, మిగిలిన ముక్కల్ని మర్చిపోకుండా అడిగి తెచ్చుకోండి. రేపు అతుకు వేయాలంటే అవే దిక్కు.

చిరుగు పడిందా?

పిన్నీసుతో సరిపెట్టకండి, చిరుగు ఇంకా సాగుతుంది. ఉతకడానికి ముందే బాగుచేయాలి. చిన్న చిల్లయితే దాచిన ముక్క అంచు నుంచి దారం లాగి, సన్నటి సూదితో నేత నేసినట్టే నిలువుగా, అడ్డంగా అల్లాలి. ఇదే రఫూ. దారం బిగించి లాగితే గుడ్డ ముడతపడుతుంది. పెద్ద చిరుగయితే వెనక మెత్తటి ముక్క పెట్టి చిన్నచిన్న కుట్లు వేయాలి. చేతకాదనుకుంటే రఫూ పనివాళ్లకివ్వండి.

ఉతుకు తక్కువ... గాలి ఎక్కువ

వేసుకున్న ప్రతిసారీ ఉతకక్కర్లేదు. విప్పగానే తిరగేసి కొన్ని గంటలు నీడలో గాలికి ఆరేస్తే చాలు. చెమట పట్టును తినేస్తుంది కాబట్టి చంకల్లో విడిగా తీసి ఉతుక్కునే కాటన్ ప్యాడ్‌లు కుట్టించుకోండి. జరీ ఉన్నదాన్ని డ్రైక్లీనింగ్‌కి ఇవ్వడమే మేలు. వెండి జరీ గాలిలోని గంధకం తగిలితే నల్లబడుతుంది. దానిమీద సెంటు కొట్టకండి. ఇస్త్రీ చేసేటప్పుడు గౌను తిరగేసి, పైన పల్చటి గుడ్డ వేయాలి.

బరువైన గౌన్లను హ్యాంగర్‌కి తగిలిస్తే భుజాలు సాగుతాయి. పాత పంచెలో చుట్టి బీరువాలో పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు. కలరా ఉండలు జరీకి తగలనివ్వద్దు. మూడు నెలలకోసారి తీసి మడత మార్చండి.

ఇంతకీ ఆ గౌను సంగతంటారా? బొటిక్ నుంచి తెచ్చుకున్న ముక్కతో అమ్మే కూర్చుని అతుకు వేసింది. దగ్గరికెళ్లి చూస్తే కనిపిస్తుంది. అయినా సంక్రాంతికి అదే వేసుకుంటానంటోంది అమ్మాయి!