జనాభా వృద్ధి - ఆర్థిక ప్రగతి: అమెరికా మహానగర ప్రాంతాల అనుభవం

నగరాల ప్రగతిని అంచనా వేసేటప్పుడు జనాభా పెరుగుదలనే కొలమానంగా స్వీకరించడం పరిపాటి. అయితే ప్రజలు అధికంగా తరలివచ్చే నగరం, ప్రజల ఆదాయం అధికంగా ఉండే నగరం ఒకటే కానక్కరలేదని అమెరికా మహానగర ప్రాంతాల గణాంకాలు విశదం చేస్తున్నాయి.

అమెరికాలో మహానగర ప్రాంతమంటే నగరపాలక సంస్థ పరిధి మాత్రమే కాదు. కనీసం 50 వేల జనాభా గల పట్టణ కేంద్రమూ, ఉద్యోగాల నిమిత్తం నిత్య రాకపోకలతో దానితో ముడిపడిన పరిసర కౌంటీలూ కలిసి ఒక మహానగర ప్రాంతంగా పరిగణన పొందుతాయి. ఈ భేదాన్ని గమనించకపోతే అంచనాలు తారుమారవుతాయి. డెట్రాయిట్ నగర జనాభా 1950లో 18.5 లక్షలు కాగా 2020 నాటికి 6.39 లక్షలకు తగ్గింది. 2013లో ఆ నగరపాలక సంస్థ దివాలా రక్షణను ఆశ్రయించింది. కాగా 2010-20 దశాబ్దంలో డెట్రాయిట్ మహానగర ప్రాంత జనాభా సుమారు 2 శాతం పెరిగి 43.9 లక్షలకు చేరింది.

అదే దశాబ్దంలో టెక్సాస్ నగరాలు వేగంగా విస్తరించాయి. హ్యూస్టన్, డాలస్-ఫోర్ట్‌వర్త్ ప్రాంతాలు చెరి 20 శాతం, ఆస్టిన్ 33 శాతం వృద్ధిని నమోదు చేశాయి. వ్యక్తిగత ఆదాయంపై రాష్ట్ర పన్ను లేకపోవడం, భూమి పుష్కలంగా లభించడం, గృహ నిర్మాణంపై ఆంక్షలు తక్కువగా ఉండడం ఇందుకు దోహదం చేశాయి. టొయోటా సంస్థ తన ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయాన్ని 2017లో డాలస్ శివారులోని ప్లేనోకు తరలించింది. ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడడం కూడా ఈ ఉద్యోగావకాశాల ఫలితమే.

ఉత్పత్తి విషయంలో చిత్రం వేరుగా ఉంది. 2022లో శాన్‌ఫ్రాన్సిస్కో మహానగర ప్రాంత స్థూల ఉత్పత్తి 70 వేల కోట్ల డాలర్లకు పైబడగా, జనాభాలో దానికంటే ఎంతో పెద్దదైన హ్యూస్టన్‌ది 60 వేల కోట్ల డాలర్లకు కొంత పైన మాత్రమే ఉంది. తలసరి లెక్కన శాన్‌ఫ్రాన్సిస్కో ఉత్పత్తి హ్యూస్టన్ కంటే ఒకటిన్నర రెట్లకు మించినది. అయినప్పటికీ 2020 తరువాత శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం జనాభాను కోల్పోయింది. అక్కడి ఇంటి ధరలో మూడో వంతు సొమ్ముతోనే హ్యూస్టన్‌లో ఇల్లు లభించడం ఇందుకు ప్రధాన కారణాలలో ఒకటి. కోవిడ్ కాలంలో ఇంటి నుండి పనిచేసే సౌకర్యం ఈ వలసను మరింత వేగవంతం చేసింది. అధిక జీతం చెల్లించే నగరమే సామాన్య ఉద్యోగికి గృహవసతి కల్పించలేకపోయిందన్నమాట.

జనాభా వేగంగా పెరిగినంత మాత్రాన ఆర్థిక వ్యవస్థ దృఢపడదనడానికి లాస్‌వేగాస్ నిదర్శనం. 2000-10 మధ్య ఆ ప్రాంత జనాభా 40 శాతానికి పైగా పెరిగింది. పర్యాటకం, గృహ నిర్మాణం అనే రెండు స్తంభాలపైనే ఆధారపడినందున, గృహరుణ సంక్షోభానంతరం 2010లో నిరుద్యోగం 13 శాతాన్ని మించింది. పర్యాటకం స్తంభించిన 2020 ఏప్రిల్‌లో 30 శాతాన్ని దాటింది. ఇందుకు భిన్నంగా, 1980వ దశకంలో ఉక్కు పరిశ్రమ కుప్పకూలిన పిట్స్‌బర్గ్, విశ్వవిద్యాలయాలు, వైద్య సేవల ఆధారంగా కోలుకున్నది. 2010-20 మధ్య ఆ మహానగర ప్రాంత జనాభా ఒక్క శాతమైనా పెరగలేదు. పెరుగుదల లేనంత మాత్రాన పతనమని భావించరాదని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

ఈ దృష్ట్యా నగరాల తులనాత్మక పరిశీలనలో మూడు అంశాలను గుర్తుంచుకోవడం అవసరం. మొదటిది, నగర పరిధి గణాంకాలను మహానగర ప్రాంత గణాంకాలతో కలపరాదు. రెండవది, మొత్తం ఉత్పత్తితో పాటు తలసరి ఉత్పత్తిని పరిశీలించాలి. ఒక ప్రాంతంలో జరిగిన ఉత్పత్తి అంతా అక్కడి నివాసుల ఆదాయం కాదని గ్రహించాలి. మూడవది, ఆదాయాన్ని ఇంటి అద్దెతో, ఇంటి ధరతో జోడించి చూడాలి. ఎంతమంది వచ్చారన్న లెక్క నగరానికున్న ఆకర్షణను మాత్రమే తెలుపుతుంది. వచ్చినవారు ఎలా జీవిస్తున్నారన్నదే ఆ నగర పాలన సాఫల్యాన్ని నిర్ణయిస్తుంది.