మన పిల్లలు – మన గుట్టలు

2016 వఱకు నల్లగొండ జిల్లాలో నుండిన భువనగిరిలో, ఊరికి మీఁదుగా సుమారు 500 అడుగుల యెత్తున ఏకశిలయైన గుట్ట నిలిచియున్నది. అట్టి సీమలో మన పిల్లలు కొండ యన నేమో పుస్తకములలో వెదకుచున్నారు. ఇంతకంటె వింత కలదా?

2013లో సాంఘిక సంక్షేమ గురుకులముల పిల్లలు కొందఱు ఆ రాతిపైఁ ద్రాళ్లు పట్టి యెక్కుట నేర్చిరి. వారిలో మాలావత్ పూర్ణయు, సాధనపల్లి ఆనందకుమారుఁడును 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నెక్కిరి. పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. అప్పటికామెకుఁ బదునాలుగేండ్లు నిండలేదు. ఆ వార్త చదివి మనమందఱమును జప్పట్లు చఱచితిమి. మన యింటి యాఁడుపిల్ల జామచెట్టెక్కఁబోయిన మాత్రము "దిగు, పడెదవు" అని కేకలు వేయుచున్నాము!

"పసివారికిఁ బ్రమాదము గాదా?" యందురు. మూఁడవ తరగతి బిడ్డను ఎవరెస్టునకుఁ బంపుఁడని యెవ్వరనిరి? నెలకొకసారి పంతులు వెంట గుట్ట చుట్టును నడువనిండు; మోకాలియెత్తు బండల నెక్కి దిగనిండు. నిటారు బండకుఁ దగిన వయసును, త్రాడును, శిక్షకుఁడును గావలయును. జాగ్రత్త వేఱు, పిఱికితనము వేఱు. జాగ్రత్త త్రాడు కట్టి యెక్కించును. పిఱికితనము తలుపు మూసి కూర్చుండఁబెట్టును. మేకలఁ గాచు పిల్లవాఁడు ఏ ఱాయి కదలునో పాదముతోనే కనిపెట్టును. మన చదువరి బిడ్డ కావిద్య యేది?

నల్లగొండ పాలమూరు సీమలలో గుట్టలకుఁ గొఱఁత లేదు. కొఱఁత మన గుండెలలోనే యున్నది. మోకాలి గాయము వారములో మానును. మనము నేర్పిన భయము మానదు. తలిదండ్రులారా! వచ్చు ఆదివారము బిడ్డ చేయి పట్టుకొని గుట్ట కడకు నడువుఁడు. అచట చేయి విడువుఁడు.