క్రియాటినిన్ ఐదు దాటేలోపు ఏం తిని బతకాలి?

శ్రీకాకుళం జిల్లా కలెక్టరు గారి సముఖమునకు
ఉద్దానం గ్రామాల కిడ్నీ రోగులు, వారి కుటుంబ సభ్యులు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: కిడ్నీ జబ్బు వల్ల పని ఆగిపోయిన రోజుకూ, పింఛను చేతికందే రోజుకూ మధ్య కూలి కుటుంబాలకు ఆసరా కల్పించడం గురించి.

అయ్యా,

మేము కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలవాళ్లం. కొబ్బరి దింపేవాళ్లు, పీచు తీసేవాళ్లు, జీడి పిక్కలు కొట్టేవాళ్లు, వలస వెళ్లి తాపీ పని చేసి జబ్బుతో తిరిగొచ్చినవాళ్లు మాలో ఉన్నారు. పింఛను అందుకుంటున్నవాళ్లూ కొందరు సంతకం చేశారు. అది తమకు ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలిసినవాళ్లు కనుకే చేశారు.

అందినదాన్ని ముందు చెప్పుకోవడం మర్యాద. డయాలసిస్ రోగులకు 2019 నుంచి నెలకు 10,000 రూపాయలు వస్తున్నాయి. డయాలసిస్ దాకా రాకపోయినా క్రియాటినిన్ (రక్తంలో పేరుకునే వ్యర్థం) 5 దాటినవారికి, జీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత శక్తిని చెప్పే అంకె) 15 లోపు పడిపోయినవారికి, కిడ్నీలు కుంచించుకుపోయినవారికి ఇచ్చే 5,000 రూపాయల పింఛనును 2024 జూలై నుంచి 10,000 చేశారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్లు మా వైపు తెచ్చారు. ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖ రైలెక్కాలి, లేదా చేతులెత్తేయాలి. ఆ రోజులు చూసినవాళ్లం కాబట్టి వీటి విలువ మాకు తెలుసు. ఏది ఏ ప్రభుత్వం ఇచ్చిందన్న లెక్క ఈ కాగితంలో మాకు అక్కర్లేదు.

జబ్బుకు కారణం నీళ్లా, మందులా, ఎండలో చేసే పనా అన్నది ఇంకా తేలలేదు. అది శాస్త్రజ్ఞుల పని, వాళ్లకే వదిలేస్తున్నాం. మేము అడుగుతున్నది తిండి గురించి.

ఈ జబ్బు గుండెపోటులా ఒక్కరోజులో పడేయదు. ఏళ్ల తరబడి లోపల తినేస్తుంది. మొదట రక్తం తగ్గుతుంది. రెండు చెట్లెక్కి దిగేసరికి ఆయాసం. మూడో చెట్టు దగ్గర కూర్చుండిపోతాడు. కాళ్లు నీరు పడతాయి, అన్నం సయించదు, రాత్రి నిద్ర ఉండదు. తోటల్లో కూలి చెట్ల లెక్కన, జీడి పనిలో కిలోల లెక్కన కడతారు. ఓపిక సగమైతే సంపాదనా సగమే. తర్వాత మేస్త్రీ పిలవడం మానేస్తాడు. "నీరసం అంటే ఎవుడు నమ్ముతాడు బావూ, సూడ్డానికి మడిసి బాగానే అవుపడతాడు గదా" అంటాడు మాలో ఒకాయన. కాలు విరిగితే కట్టు కనపడుతుంది. కిడ్నీ చెడితే కనపడేది ల్యాబ్ చీటీ మీది క్రియాటినిన్ అంకె ఒక్కటే.

ఆ అంకె 2 దగ్గరో 3 దగ్గరో ఉండగానే మా ఇళ్లలో కూలి ఆగిపోతోంది. పింఛను మాత్రం ఆచరణలో 5 దాటాక గాని రాదు. మధ్యలో ఉన్నది కొందరికి ఏడాది, కొందరికి నాలుగేళ్లు. ఆ కాలంలో మందులు కొనాలి, నెల నెలా పరీక్షలకు తిరగాలి, డ్వాక్రా వాయిదా కట్టాలి. వెనకటికైతే పది కొబ్బరి చెట్లు ఉన్నవాడికి కాస్త ధైర్యం ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ చెట్లను కూడా పడగొట్టింది. తర్వాత నాటిన మొక్కలు కాపుకొచ్చేలోపు చాలామంది అప్పుల్లో దిగిపోయారు.

ఇందులో ప్రభుత్వానికీ నష్టం ఉందని మనవి చేస్తున్నాం. ఇంట్లో వేరే ఆదాయం లేనివాడు జబ్బుతోనే పనికి పోతాడు. ఒళ్లునొప్పులకు మందుల షాపులో నొప్పి మాత్ర కొని మింగుతాడు. ఆ మాత్రలు కిడ్నీని ఇంకా పాడు చేస్తాయని ప్రతి డాక్టరూ చెబుతాడు, మాకూ తెలుసు. అయినా ఆ రోజు కూలి దొరకాలంటే అదే దారి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తాగే తీరిక లేక, మాత్ర మీద నడిచిన మనిషి డయాలసిస్ కుర్చీకి తొందరగా చేరతాడు. అప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్ ఖర్చూ, నెలకు పదివేల పింఛనూ ప్రభుత్వమే భరించాలి. ఆ పదివేలలో సగం ముందే ఇచ్చి ఆ మనిషిని నీడపట్టున కూర్చోబెట్టి ఉంటే అందరికీ మేలు జరిగేది.

చేతి ఆపరేషన్ సంగతి వేరే చెప్పాలి. డయాలసిస్ తప్పదని తేలగానే డాక్టర్లు ముంజేతి దగ్గర రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేస్తారు. అది సూదికి పనికొచ్చేలా తయారవడానికి వారాల నుంచి నెలలు పడుతుంది కాబట్టి ముందుగానే చేస్తారు. ఆ చేతి మీద వేలు పెడితే లోపల రక్తం జుయ్యిమని పారడం తెలుస్తుంది. ఆ చేత్తో బరువులెత్తొద్దు, దెబ్బ తగలనివ్వొద్దు, ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోవద్దు అంటారు. రెండు చేతులతో చెట్టును కావలించుకుని ఎక్కేవాడికి ఆ రోజుతో వృత్తి పోయినట్టే. కానీ ఫిస్టులా అయింది కదా అని పింఛను రాదు. డయాలసిస్ మొదలుకావాలి, లేదా చీటీలో 5 దాటాలి. పని చేయకూడదని డాక్టరే చెప్పి, చెయ్యికోసి పంపిన మనిషిని పని చేయగలవాడి కింద లెక్కేయడం న్యాయమేనా, తమరే ఆలోచించాలి.

ఇక అసలైన మనవి. నిబంధనలో జీఎఫ్ఆర్ 15 లోపు ఉంటే చాలని రాసి ఉంది. అయినా మా వాళ్లు కాగితాలు పట్టుకెళ్తే చూసేది క్రియాటినిన్ ఒక్కదాన్నే. చాలా ల్యాబ్ చీటీల్లో జీఎఫ్ఆర్ వెయ్యరు. వెయ్యని అంకెను అడగాలని కూలివాడికి తెలియదు. దీనివల్ల ఎక్కువ దెబ్బతింటున్నది ఆడవాళ్లు. క్రియాటినిన్ కండలోంచి పుట్టేది. కండ తక్కువ ఉన్న మనిషికి కిడ్నీ ఎంత చెడినా ఆ అంకె తక్కువే చూపిస్తుంది. డాక్టర్లు వాడే 2021 నాటి సీకేడీ-ఈపీఐ లెక్క ప్రకారం 50 ఏళ్ల ఆడమనిషికి క్రియాటినిన్ 3.8 వస్తే జీఎఫ్ఆర్ సుమారు 14. అదే వయసు మగవాడికి అదే 3.8 వస్తే 18 దాకా ఉంటుంది. అంటే ఆ ఆడమనిషి ఈ రోజే పింఛనుకు అర్హురాలు. అయినా "ఐదు రాలేదమ్మా, మూడు నెలలాగి రా" అని పంపేస్తున్నారు. ఎముకల గూడులా ఉన్న ఒక జీడి కార్మికురాలు అలా రెండుసార్లు వెనక్కొచ్చింది. ఆమె చీటీలో 3.9 ఉంది, వయసు 54. జీఎఫ్ఆర్ లెక్కకు కొత్త యంత్రం అక్కర్లేదు, ఇంకో రక్తపు చుక్క అక్కర్లేదు. వయసు, ఆడా మగా తెలిస్తే ఫోన్లోనే కట్టొచ్చు. జిల్లాలోని ప్రతి ప్రభుత్వ ల్యాబులో క్రియాటినిన్ పక్కనే జీఎఫ్ఆర్ వేయాలని తమరు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. దీనికి అమరావతి దాకా వెళ్లనవసరం లేదని మా నమ్మకం.

అర్హత ఉన్నవారికీ ఆలస్యం తప్పడం లేదు. పరీక్షలు ఒకచోట, ధ్రువపత్రం మరోచోట, దరఖాస్తు గ్రామ సచివాలయంలో, ఆమోదం జిల్లా కేంద్రంలో. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లకు పైమాటే. వాంతులవుతున్న మనిషిని అంత దూరం తీసుకెళ్లి, డాక్టరు గారు సెలవంటే తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో చూసినవారికే తెలుస్తుంది. మంజూరైన నెల నుంచే డబ్బు వస్తుంది, తిరిగిన నెలలు పోయినట్టే. మంజూరు కాగితం వచ్చేసరికి మనిషి లేని ఇళ్లు మా ఊళ్లలో ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్లూ ఇక్కడ సంతకం చేశారు. మంచాన పడినవారి పింఛన్లను మళ్లీ పరిశీలించడానికి 2025లో డాక్టర్ల బృందాలు ఇళ్లకే వచ్చాయి. తీసేయాలో వద్దో చూడ్డానికి ఇంటికి రాగలిగినప్పుడు, ఇవ్వడానికి కనీసం మండలానికైనా రావచ్చు కదా.

జీడి కార్మికుల విషయంలో మరో బాధ ఉంది. పిక్క కొట్టేటప్పుడు చిమ్మే జీడి నూనె వేళ్ల కొసలు తినేస్తుంది. చర్మం నల్లబడి, పొరలు లేచి, గీతలు అరిగిపోతాయి. పింఛను దగ్గర వేలిముద్ర యంత్రం ఆ వేళ్లను గుర్తుపట్టదు. ముఖం, కనుపాపతో గుర్తించే వీలు ఉందని విన్నాం. అది ఉందని చెప్పి, చేసి పెట్టేవాళ్లు కావాలి.

అంతకంటే పెద్ద సంగతి ఈఎస్ఐ. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే కర్మాగారంలో నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి అది హక్కు. కార్మికుడి వాటా జీతంలో నూటికి ముప్పావు రూపాయి, యజమాని వాటా మూడుంబావు. కార్డున్నవాడికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. దీర్ఘకాలపు జబ్బుల జాబితా ఒకటుంది. అందులో కిడ్నీ వైఫల్యం ఉంది. ఆ జబ్బులకు 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇస్తారు. అంటే జబ్బు వల్ల పని ఆగితే జీతం ఆగకూడదన్న ఆలోచన ఈ దేశంలో 1948 నాటి చట్టం నుంచే ఉంది. ఇక్కడ ఎవరూ కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. కానీ ఒకే బల్ల మీద పిక్కలు కొట్టే ఇద్దరిలో ఒకరి పేరు రిజిస్టరులో ఉంటుంది, మరొకరిది ఉండదు. పేరు లేనివాళ్లే ఎక్కువ. జబ్బు వచ్చాక కార్డు చేయించుకుంటే లాభం లేదు. ఈ రెండేళ్ల సాయానికి అంతకుముందు రెండేళ్లు పనిలో ఉండి చందా కట్టి ఉండాలి. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల పేర్లు ఇప్పుడే ఎక్కించాలని అడుగుతున్నాం. యజమానులు మా మీద కోపగించుకుంటారని తెలుసు. ఈ పేరాకు ఒప్పుకోవడానికి మాలో కొందరు భయపడ్డారు కూడా.

తోడు వచ్చేవారి కూలి గురించి ఒక్క మాట. డయాలసిస్ నాలుగు గంటలే, రానూపోనూ కలిపితే రోజంతా. వారంలో మూడు రోజులు రెండో మనిషి కూలీ పోతుంది. స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం వచ్చాక తోడు వెళ్లే ఆడవాళ్లకు బస్సు ఛార్జీ తప్పింది, సంతోషం. కానీ చివరి షిఫ్టు ముగిసేసరికి మా ఊళ్లకు బస్సే ఉండదు. అప్పుడు ఆటోవాడు అడిగినంత ఇవ్వాల్సిందే. దూరపు ఊళ్లవారిని పగటి షిఫ్టులో వేసినా సగం భారం తగ్గుతుంది.

జీవోలు మార్చే అధికారం తమ చేతిలో లేదని మాకు తెలుసు. ప్రభుత్వానికి రాసే అధికారం ఉంది, తమరు రాస్తే చదువుతారు. కనుక జీఎఫ్ఆర్ 15 నుంచి 30 మధ్య ఉన్నవారికి, ఫిస్టులా చేయించుకుని డయాలసిస్ కోసం ఎదురుచూస్తున్నవారికి నెలకు 5,000 రూపాయలు ఇవ్వాలనీ, ఏ కిడ్నీ పింఛనైనా దరఖాస్తు ఇచ్చిన నెల నుంచి లెక్కగట్టాలనీ సిఫారసు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాం. తమ పరిధిలో ఉన్నవి మాత్రం ఆగకుండా చేయించాలి. జీఎఫ్ఆర్ ఉత్తర్వు, నెలకోసారి మండల కేంద్రంలో ధ్రువపత్రాల శిబిరం, ఇదివరకు "ఐదు రాలేదు" అని వెనక్కి పంపినవారి కాగితాలు మళ్లీ చూడటం, జీడి యూనిట్లలో కార్మిక శాఖ, ఈఎస్ఐ కలిసి తనిఖీ, వేలిముద్రలు పడనివారికి వేరే మార్గం. వైద్యారోగ్య శాఖ, డీఆర్‌డీఏ, కార్మిక శాఖ అధికారులను ఒకే గదిలో కూర్చోబెట్టి మమ్మల్నీ పిలిస్తే గంటలో తేలే పనులివి. ఏ గదికి వెళ్లినా అది పక్క గది పని అంటున్నారు కాబట్టే అందరినీ ఒకచోట అడుగుతున్నాం.

ఈ అర్జీ మీద తీసుకున్న చర్య ఫోనుకు సందేశంగా కాక, కాగితం మీద సంతకంతో తెలియజేయాలని కోరుతున్నాం. మాలో చాలామందికి ఫోను చదవడం రాదు. కాగితమైతే ఎవరి చేతనైనా చదివించుకుంటాం.

ఇట్లు,
తమ విధేయులు,
ఉద్దానం గ్రామాల కిడ్నీ రోగులు, వారి కుటుంబ సభ్యులు

జత: "ఐదు రాలేదు" అని వెనక్కి పంపినవారి ల్యాబ్ చీటీల నకళ్లు, ఒక్కోదాని పక్కన జీఎఫ్ఆర్ లెక్కగట్టి రాసినవి. సంతకాలు, వేలిముద్రల కాగితాలు. వేలిముద్ర పడనివారి పేరు ఎదుట ఖాళీ వదిలాం.