కంటైనర్‌కి మన టైమ్ తెలీదు

దుబాయ్ నుంచి వచ్చి శంషాబాద్‌లో దిగి, ఫోన్‌లో ఏరోప్లేన్ మోడ్ తీసేయండి. నెట్‌వర్క్ దొరకగానే గడియారం మన టైమ్‌కి మారిపోతుంది. ఈ సుఖానికి అలవాటు పడ్డ మనం డాకర్ కంటైనర్ కూడా అంతే తెలివిగా ఉంటుందనుకుంటాం. ఉండదు. ల్యాప్‌టాప్‌లో ఏ టైమ్ జోన్ పెట్టుకున్నా, మామూలుగా కంటైనర్ లోపల నడిచేది యూటీసీనే. అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనక.

మాదాపూర్‌లో మా టీమ్‌కి ఒకసారి రాత్రి 2:10కి పేమెంట్ సర్వీస్ పడిపోయింది. ఆన్‌కాల్‌లో ఉన్నది నేనే. ఐదు నిమిషాల్లో లేచి కూర్చుని, 2:40కల్లా సరిచేశాను. మర్నాడు రివ్యూలో చూస్తే లాగ్‌లో ఎర్రర్ టైమ్ 20:40, చాట్‌లో నా మొదటి మెసేజ్ 2:15. "ఐదున్నర గంటలు ఏం చేశావ్?" అన్నారు మేనేజర్. లాగ్‌లో టైమ్ పక్కన జోన్ లేదు మరి. కంటైనర్‌లోకి వెళ్లి డేట్ కమాండ్ కొట్టి చూపించాకే నమ్మారు. అసలే అప్రైజల్ నెల. రిపోర్ట్‌లో "ఆలస్యం" అన్న లైన్ తీయించుకోవడానికి ఇంకో రెండు మెయిల్స్ పెట్టాల్సి వచ్చింది.

దీని తర్వాత అన్ని కంటైనర్లకూ టీజెడ్ వేరియబుల్‌లో ఏషియా/కోల్‌కతా పెట్టేశాం. సగం సర్వీసుల్లో ఏ మార్పూ లేదు! అవి ఆల్పైన్ ఇమేజ్‌లు, వాటిలో టీజెడ్‌డేటా ప్యాకేజీ ఉండదు. మనం వేసుకోకపోతే ఎర్రర్ కూడా ఇవ్వకుండా గమ్మున యూటీసీలోనే ఉండిపోతుంది. సగం లాగులు ఒక టైమ్‌లో, సగం ఇంకో టైమ్‌లో. ముందుకన్నా ఘోరం.

అందుకే నా మాట: సర్వర్‌ని యూటీసీలోనే వదిలేయండి. కానీ లాగ్‌లో ప్రతి టైమ్ పక్కనా జోన్ రాయించండి. మన దేశంలో డేలైట్ సేవింగ్ లేదు కాబట్టి లోకల్ టైమ్‌తో వచ్చే నష్టం మనకి కనిపించదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నవంబర్‌లో ఒక రాత్రి ఒంటిగంట నుంచి రెండు దాకా టైమ్ రెండుసార్లు వస్తుంది. అప్పుడు లాగ్‌లో 1:30 అని ఉంటే అది ఏ 1:30?

మనుషుల క్యాలెండర్‌తో ముడిపడ్డ పనుల సంగతి వేరు. మనకి అర్ధరాత్రి దాటినా, తెల్లవారుజామున 5:30 దాకా యూటీసీలో నిన్నటి తేదీయే. ఆలోపు నడిచే "ఈరోజు" రిపోర్ట్ నిన్నటి లెక్క చూపిస్తుంది. అలాంటి చోట కోడ్‌లోనే జోన్ పేరు రాయాలి. కుబర్నెటీస్ క్రాన్‌జాబ్‌కి టైమ్‌జోన్ ఫీల్డ్ ఉంది, 2023లో వచ్చిన 1.27 నుంచి అది స్టేబుల్. అక్కడ ఏషియా/కోల్‌కతా అనే రాయండి, ఐఎస్‌టీ అని కాదు. ఇజ్రాయెల్ వాళ్లవీ, ఐర్లాండ్ వాళ్లవీ అవే మూడక్షరాలు.