వినుట నేర్పుటలో గౌరవమను నెపము

ఆంగ్లము మాతృభాష కాని విద్యార్థులకు ఆ భాషను విని గ్రహించు నేర్పును బోధించువారిలో ఇప్పుడొక అభిప్రాయము స్థిరపడినది: వారి సంస్కృతిని గౌరవించుట యనగా, వారి మనస్సు నొచ్చునని తోచిన ప్రతి విషయమును పాఠమునుండి తొలగించుటయే యని. దేశదేశములలో అమ్ముడుపోవు ఆంగ్లపాఠ్యపుస్తకముల ప్రచురణకర్తలు రాజకీయములు, మద్యము, మతము, శృంగారము, మాదకద్రవ్యములు, నానావిధ వాదములు, పందిమాంసము అను నీ యేడింటిని వర్జ్యములుగ నెంచి, వాని ఆంగ్లనామముల తొలి యక్షరములను కూర్చి ‘పార్స్‌నిప్’ అని పిలుచుకొనుచున్నారు. ఇట్లు వడపోయగా మిగిలినది హోటలులో గది తీసుకొనుట, గ్రంథాలయ సభ్యత్వము, రైలు వేళలు. సద్బుద్ధితోనే ఈ పద్ధతి ననుసరించువారు పెక్కురు. అయినను ఇది విద్యార్థికి జరుగు అపచారమని నా దృఢవిశ్వాసము.

ఏలయన, చెవిని పడిన మాటకు అర్థము కూర్చుకొనుటకు మనస్సున ముందే కొంత లోకజ్ఞానము ఉండితీరవలెను. 1979లో స్టెఫెన్‌సెన్, జోగ్‌దేవ్, ఆండర్సన్ అను పరిశోధకులు ఒక అమెరికను పెండ్లిని, ఒక భారతీయుల పెండ్లిని వర్ణించు రెండు లేఖలను ఉభయదేశములవారిచేతను చదివింపగా, ఎవరి పెండ్లి లేఖను వారు వేగముగ చదివి, ఎక్కువగ జ్ఞాపకముంచుకొనిరి. అమెరికను వధువు తన అవ్వ ధరించిన పెండ్లిదుస్తులనే ధరించినదన్న మాట, వంశగౌరవమునకు గురుతుగ అచ్చటివారికి తోచినది. మనవారిలో ఒకరు మాత్రము ఆ దుస్తులు మరీ పాతబడి వాడుక తప్పినవని గ్రహించిరి. ఆ చదువరికి ఆంగ్లము రాకకాదు, ఆ యాచారము తెలియక. ఇది చదువునందు జరిగిన పరీక్ష. చదువరికి వెనుకకు తిరిగి చూచు వెసులుబాటైన నుండును. 40 ప్రశ్నలకు ధ్వనిముద్రణను ఒక్కమారే వినిపించు ఐఈఎల్‌టీఎస్ అను ఆంగ్లప్రావీణ్య పరీక్షలోని శ్రవణభాగమునకు కూర్చున్నవానికి అదియు లేదు. అట్టివానికి కావలసినది ఆచారమును మరుగుపరచుట కాదు, ముందుగా తెలుపుట.

వడపోసిన పాఠములు విని, పరీక్ష నెగ్గి, లండనులోనో మెల్బోర్నులోనో దిగిన విద్యార్థికి, దాచిపెట్టిన ఆ విషయములే మొదటి వారమున ఎదురగును: సహపాఠులు ఎన్నికలనుగూర్చి వాదించుకొందురు, ఆచార్యుడు మతకలహముల చరిత్రను ఉపన్యసించును, సాయంకాలము పబ్బునకు రమ్మని ఎవరో పిలుతురు. మద్యము ముట్టని యింట పెరిగిన తెలుగుపిల్ల ఆ పిలుపు విన్నంతనే బెదరి ముఖము త్రిప్పుకొనును. పబ్బన్నది అచ్చటివారికి ముచ్చటలాడుకొను తావు కూడ ననియు, పండ్లరసము తెప్పించుకొని కూర్చున్న తప్పు లేదనియు పాఠమున వినియుండినచో, పోవుటయో మానుటయో తానే నిశ్చయించుకొని, మానదలచినను ఎదుటివారు నొచ్చుకొనని మాట చెప్పి తప్పుకొనగలిగెడిది. ఆ నిర్ణయమును ఆమెకు బదులుగా ముందే చేసివేయుటకు ప్రచురణకర్త యెవరు?

విద్యార్థులు బాధపడుదురేమో యని కొందరి శంక. యుద్ధభూమినుండి పారివచ్చినవానికి ముందుమాట లేక ఫిరంగుల మ్రోత వినిపించుట క్రౌర్యమే, కాదనను. కాని బాధ చాలమారులు వినుటలో లేదు. విన్నపిదప, మీ మతమేమనును, మీ దేశమున ఎట్లుండునని, ఒక్కనిని పదిమందిలో లేపి అడుగుటలో నున్నది. గురువెదుట నోరు మెదపకుండుటయే వినయమని పెరిగినవాని మౌనమును గ్రహణలోపముగ లెక్కించి మార్కులు తగ్గించు బోధకుడు, పందిమాంసపు ప్రస్తావన తొలగించినంత మాత్రమున పరసంస్కృతి నెరిగినవాడు కాజాలడు. అట్టి విద్యార్థిని తాను విన్నది కాగితముపై వ్రాయుమనవలెను. లేదా తోటివానితో మెల్లగ చెప్పుకొననీయవలెను. వినిపింపబోవు సంభాషణ ఎవరిమధ్య, ఏ సందర్భమున జరుగుచున్నదో అయిదు నిమిషములు ముందుగ చెప్పి, పిమ్మట రెండుమూడు మారులు వినిపింపవలెను. మన హైదరాబాదు, విజయవాడలలోని ఐఈఎల్‌టీఎస్ శిక్షణకేంద్రములవారు ఖాళీలు పూరించు మెలకువలకు వెచ్చించు కాలములో కొంత తగ్గించి యైనను దీనికి కేటాయింపవలెనని కోరుచున్నాను.