అక్షరమునకు మాఱక్షరము

వ్యాకరణమున ఆగమమనియు, ఆదేశమనియు రెండు మాటలు కలవు. ఉన్న వర్ణమును తొలగింపక దాని ప్రక్కకు మఱియొక వర్ణము వచ్చి చేరినచో అది ఆగమము. ఉన్న వర్ణమును త్రోసివేసి దాని స్థానమున వేఱొకటి నిలిచినచో అది ఆదేశము. మొదటిది మిత్రునివంటిదనియు, రెండవది శత్రువువంటిదనియు పెద్దలు చమత్కరింతురు. తెలుగు పిల్లలు రహస్యములు చెప్పుకొనుటకై ఆడుకొను ‘క’ భాష ఆగమమునకు చక్కని ఉదాహరణము. ‘నీ పేరేమి’ అనుటకు ‘కనీ కపే కరే కమి’ అందురు. ప్రతి అక్షరమునకు ముందు ఒక ‘క’ వచ్చి చేరినదే కాని అసలు అక్షరములలో ఒక్కటియు తొలగలేదు. అందుచేతనే ఆ రహస్యము పది నిమిషములు విన్నవారికెల్ల తెలిసిపోవును.

గూఢలిపి మార్గము వేఱు, అది ఆదేశము. రోము సేనాని జూలియస్ సీజరు తన రహస్యలేఖలలో ఒక్కొక్క అక్షరమునకు బదులు వర్ణక్రమమున దాని తరువాతి మూడవ అక్షరమును వ్రాసెడివాడని స్యుటోనియస్ అను చరిత్రకారుడు తెలిపెను. ఏ అను అక్షరమున్నచోట డీ, బీ ఉన్నచోట ఇ. భారతదేశమునను వాత్స్యాయనుడు పేర్కొనిన 64 కళలలో మ్లేచ్ఛిత వికల్పమను పేర రహస్యలేఖన విద్య యొకటి కలదు. నేడు కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయ నేర్చుకొనువారికి తొలినాళ్లలో ఇచ్చు అభ్యాసములలో సీజరు గూఢలిపి యొకటి. దానిని గూర్చి రెండు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. వేయేండ్లకు పూర్వమే గుట్టు బయలుపడిన లిపి నేడెవరికి కావలెనని కొందఱు. కృత్రిమమేధ అడిగిన క్షణముననే సిద్ధప్రోగ్రామును చేతికిచ్చుచుండగా బాలుడు రెండు దినములు తల బ్రద్దలు కొట్టుకొననేల యని మఱికొందఱు. రెండును పైపై మాటలే. ఈ అభ్యాసమును విడువరాదు సరికదా, తెలుగు బాలబాలికలు దానిని ఆంగ్లాక్షరములతో ముగింపక తెలుగు అక్షరములతోనే చేయవలెను.

ఎనిమిదవ తరగతి విద్యార్థికి ఆదేశము క్రొత్త విషయము కాదు. గసడదవాదేశ సంధి నేర్చినవాడు ఐదు గదుల ఆదేశపట్టికను కంఠస్థము చేసినవాడే. కకారమునకు గకారము, చకారమునకు సకారము, టకారమునకు డకారము, తకారమునకు దకారము, పకారమునకు వకారము. ‘రారు’, ‘కదా’ అను మాటలు కలిసి ‘రారుగదా’ యైనవి. గూఢలిపికిని ఇట్టి పట్టికయే కావలెను. గదుల సంఖ్య మాత్రము హెచ్చు. అయినను ఒక భేదము కలదు. ‘రారుగదా’ యందలి గకారము ఒకప్పుడు కకారమా, పుట్టుకతోనే గకారమా యనునది చదువరి అర్థమునుబట్టి గ్రహించును. పట్టికనుబట్టి నడచు ప్రోగ్రామునకు అర్థముతో పని లేదు. కావున గూఢలిపి పట్టికలో రెండక్షరములకు ఒకే మాఱక్షరము ఉండరాదు. ఉన్నచో మూసిన లేఖను తిరిగి విప్పుటకు వీలుపడదు. ఇట్టి నియమము గల సంబంధమునే పై తరగతుల గణితమున అన్వేక ప్రమేయమందురు.

పట్టికను సరిగనే వ్రాసియు, దానిని ప్రయోగించుటలో ప్రారంభకులు తఱచుగా జాఱిపడు చోటొకటి కలదు. మూడక్షరముల చిన్న పట్టికను తీసికొనినచో విషయము తేటపడును. క కు బదులు మ, మ కు బదులు ల, ల కు బదులు క. ఈ పట్టిక ప్రకారము ‘కమల’ అను పేరు ‘మలక’ కావలెను. విద్యార్థి ఆజ్ఞలను ఇట్లు వ్రాయుననుకొందము: వాక్యమందలి కకారములనన్నిటిని మకారములుగా మార్పుము, పిదప మకారములనన్నిటిని లకారములుగా మార్పుము, పిదప లకారములనన్నిటిని కకారములుగా మార్పుము. పైథాను అను కంప్యూటరు భాషలో ‘రీప్లేస్’ అను ఆజ్ఞను మూడు మాఱులు వ్రాసిన చాలును. వినుటకు ఇందు దోషమేమియు లేనట్లే యుండును. కాని మొదటి ఆజ్ఞతో ‘కమల’ ‘మమల’ యగును. రెండవదానితో ‘లలల’ యగును. మూడవదానితో ‘కకక’ యగును. ‘కలకల’ అను మాటను ఇచ్చినను ‘కకకక’ యే. ఆ మూడక్షరములతో ఏ మాటను కూర్చి యిచ్చినను కాకుల గుంపే తిరిగివచ్చును. అందుండి అసలు మాటను రాబట్టుట ఎవరి తరమును కాదు. కంప్యూటరు తప్పు చేయలేదు, చెప్పినదంతయు చేసినది. క్రొత్తగా వచ్చి కూర్చున్న మకారమునకును, ముందునుండియు ఉన్న మకారమునకును గల భేదమును దానికెవరును చెప్పలేదు.

దీనికి మందు కష్టమైనది కాదు. వాక్యమును మొదటినుండి ఒక్కొక్క అక్షరముగా చదువుచు, పట్టికలో చూచి, మాఱక్షరమును వేఱొక పంక్తిలో వ్రాసికొనుచు పోవలెను. పాత పంక్తిని ముట్టరాదు. కాగితముమీద చేయు పిల్లవాడు ఎవరును చెప్పకయే ఇట్లు చేయును. అందుకే ఈ పని మొదట కాగితముమీద జరుగవలెను. తన చేయి యేమి చేయుచున్నదో తానే గమనించి, ఆ గమనించినదానినే ఆజ్ఞలుగా వ్రాసినచో ప్రోగ్రాము సగము పూర్తియైనట్లే.

ఇక సీజరు పద్ధతిలో పట్టిక కూడ అక్కఱలేదు, లెక్కయే చాలును. కంప్యూటరు ప్రతి అక్షరమును ఒక సంఖ్యగా నిలుపుకొనును. ఆంగ్లమందలి పెద్ద అక్షరములకు 65 మొదలు 90 వఱకు గల సంఖ్యలు వరుసగా కేటాయింపబడినవి. ఎక్స్ అను అక్షరము 88. దానికి 3 కలిపిన 91. అది అక్షరము కాదు, చదరపు బ్రాకెట్టు. గడియారమున పదకొండు గంటలకు మూడు కలిపినచో పదునాలుగు గాక రెండు వచ్చునట్లు, ఇక్కడను చివరి అక్షరము దాటినవెంటనే మొదటికి రావలెను. సంఖ్యనుండి 65 తీసివేసి, 3 కలిపి, 26 చేత భాగించి, శేషమునకు మరల 65 కలిపినచో ఆ పని నెఱవేఱును. ఎక్స్ విషయమున శేషము సున్న. కావున ఏ వచ్చును. ఆంగ్లాక్షరములతో కథ ఇంచుమించు ఇక్కడ ముగియును.

తెలుగుతో ఇక్కడనుండి మొదలగును. లోకమందలి లిపులకు సంఖ్యలు కేటాయించు యూనికోడ్ ప్రమాణమున తెలుగు లిపికి 3072 మొదలు 3199 వఱకు 128 గదులు కలవు. ‘రామ’ అను మాటకు ఈ లెక్కలో మూడు సంఖ్యలు: రకారము 3120, దీర్ఘపు గుర్తు 3134, మకారము 3118. ఆంగ్లమున చేసినట్లే ప్రతిదానికి మూడు కలిపినచో వచ్చునది ‘ళుఱ’. రకారము ళకారమైనది, మకారము ఱకారమైనది, దీర్ఘము కొమ్ముగా మాఱినది. రకారమునకు మూడవది శకారము గదా, ళకారమెట్లు వచ్చెనని బాలుడు అడుగును. అడుగవలసినదే. యూనికోడ్ గదులలో వరుస బడిలో నేర్చిన వరుస కాదు. అందు ర, ఱ, ల, ళ ప్రక్కప్రక్కనే యున్నవి. అంతియకాదు, నకారము 3112, పకారము 3114, నడుమనున్న 3113వ గది ఖాళీ. దకారము 3110 గనుక మూడు కలిపినచో సరిగా ఆ ఖాళీ గదిలో పడును. ‘దయ’ అని వ్రాసి పంపినచో అవతలివారికి ఒక ఖాళీ పెట్టెయు, లకారమును కనబడును.

అసలు అక్షరమన నేమి? ‘స్త్రీ’ అనునది పలకమీద దిద్దు శిశువునకు ఒక అక్షరము. వ్యాకరణవేత్తకు సకార తకార రేఫములును ఈకారమును, నాలుగు వర్ణములు. పైథాను భాషలో కొలిచి చూచినచో ఆఱు. నడుమనున్న రెండు పొల్లులను కూడ కంప్యూటరు వేఱుగా లెక్కించును. మూడును సత్యములే. ప్రోగ్రాము వ్రాయు విద్యార్థి మాత్రము ఏ సత్యము తన పనికి తగినదో ముందే నిర్ణయించుకొనవలెను. ఏ నుండి జడ్ వఱకు గల ఇరువదియాఱింటితో తృప్తిపడినవానికి ఈ ప్రశ్నయే పుట్టదు. తెలుగు పిల్లలకు తెలుగుతోనే ఈ అభ్యాసమిచ్చుట మేలనుట భాషాభిమానముచేత మాత్రమే కాదు; ఆలోచింపవలసినది ఇందు ఎక్కువ కలదు.

సులభమైన మార్గమొకటి కలదు. హల్లులను మాత్రమే మార్చి, అచ్చులను, గుణింతపు గుర్తులను, పొల్లును, సున్నను ఉన్నవి ఉన్నట్లే విడువవలెను. కకారము మొదలు హకారము వఱకు ముప్పదిమూడు, పిమ్మట ళకారము, ఱకారము, మొత్తము 35 హల్లులను బడిలో నేర్చిన వరుసలోనే విద్యార్థి స్వయముగా వ్రాసి ప్రోగ్రామునకు ఇయ్యవలెను. భాగహారము 26 చేత గాక 35 చేత. అప్పుడు ‘రామ’ యను మాటకు వచ్చు ఫలితము ‘శాల’! రహస్యలేఖ మామూలు మాటవలె కనబడుట గూఢలిపికి అరుదుగా పట్టు అదృష్టము.

సిద్ధప్రోగ్రామును అడిగి తెచ్చుకొన్నవానికి ఇవియేవియు ఎదురుపడవు. ఆ ప్రోగ్రాము సరియైనదే కావచ్చును. కాని అది ఏదో యొకనాడు ‘కకక’ యని పలికినచో ఏల పలికినదో వానికి తెలియదు. మరల దానినే అడుగుకొనవలెను. తన ప్రోగ్రామును ముగించిన పిమ్మట యంత్రమిచ్చినదానితో పోల్చి చూచుకొనుటలో తప్పులేదు. ముందుగా చూచుట మాత్రము లెక్క చేయకమునుపే జవాబుల పుట తెఱచుటవంటిది.

పాతలిపి యను మొదటి ఆక్షేపణలో నిజము లేకపోలేదు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు పండితుడు అల్ కిందీ, లేఖలో ఏ గుర్తు ఎన్ని మాఱులు వచ్చినదో లెక్కించి ఇట్టి లిపులను విప్పు పద్ధతిని వ్రాసియుంచెను. ఇరువదియాఱు అక్షరములతో కూర్పదగిన పట్టికల సంఖ్య సుమారుగా 4 ప్రక్కన 26 సున్నలు. అయినను లెక్కించువాని ముందు ఆ సంఖ్య నిలువలేదు. స్కాట్లండు రాణి మేరీ నిర్బంధమునుండి సంకేతాక్షరములతో వ్రాసిన లేఖలను 1586లో ఇంగ్లండు ప్రభుత్వమువారు విప్పి చదివిరి. 1587లో ఆమెకు శిరశ్ఛేదము జరిగెను. పైని చెప్పిన తెలుగు పద్ధతి మఱింత బలహీనమైనది. తెలుగున కొమ్ముతో ముగియు మాటలు మెండు. గుణింతములు మాఱవు గనుక ఆ కొమ్ములు లేఖలో అట్లే నిలిచి గుట్టు చెప్పివేయును. కావున ఎవరును తమ రహస్యపదమును ఇట్టి లిపిలో దాచుకొనరాదు. తాళము చేయుట నేర్చుకొనుచు చేసిన మట్టి తాళమును ఇంటి తలుపునకు వేయరు గదా!

ప్రోగ్రాము పూర్తియైనదనుటకు గుర్తు, మూసిన వాక్యమును తిరిగి విప్పగా మొదటి వాక్యమే పొల్లుపోక వచ్చుట. దీనిని ఇద్దఱు విద్యార్థులు వేఱువేఱుగా వ్రాసిన ప్రోగ్రాములతో చూచుట మంచిది. అప్పుడు క్షకారము తగవు తెచ్చును. వర్ణమాలలో అది ళకారమునకును ఱకారమునకును నడుమ ఒక అక్షరముగా కూర్చున్నది. యూనికోడ్‌లో దానికి ప్రత్యేకమైన సంఖ్య లేదు, కకారము, పొల్లు, షకారము కలిసి క్షకారము. ఒకడు దానిని సంయుక్తాక్షరముగానే విడిచి 35 హల్లులతో వ్రాసెననియు, రెండవవాడు దానిని కూడ చేర్చి 36 చేసెననియు అనుకొన్నచో, ‘పక్షి’ యను మాట మొదటివానికి ‘భఘ్ళి’ యగును, రెండవవానికి ‘భఖి’ యగును. రెండు పట్టికలలో ఏది తప్పనుటకు వీలులేదు. వాడువారికి ముందుగా ఒడంబడిక యుండవలెను. అది లేక రెండవవాడు పంపిన ‘భఖి’ని మొదటివాడు తన ప్రోగ్రాముతో విప్పినచో పక్షి యెగిరిపోయి, ‘పళి’ మిగులును.