ఖాళీ కొట్లపై వండేవాళ్ళ హక్కు

నూజివీడు మామిడికి లెక్కలన్నీ ఉన్నాయి. తోట కౌలు ఎంత, కమిషను ఎంత, నున్న మార్కెట్టుకి లారీ కిరాయి ఎంత అని అందరూ చెబుతారు. గాలికి రాలిన కాయ ఆవకాయగా, ఒరుగులుగా, తాండ్రగా మారే శ్రమకి మాత్రం లెక్క లేదు. ఆ పని స్త్రీలు చేస్తారు, ఇంట్లో చేస్తారు. అందుకే అది పని కాదు, అమ్మినా ‘చేతిఖర్చులకి వచ్చే డబ్బు’ మాత్రమే!

సీజను ముగిస్తే కమిషన్ షెడ్లు ఖాళీ. పట్టణాల్లో పాటకి ఎవరూ రాని మునిసిపల్ కొట్లు షట్టర్లు దించుకుని ఉంటాయి. వీటిని స్త్రీలకి ఉమ్మడి వంటశాలలుగా, అమ్మకపు కొట్లుగా ఇవ్వాలని అడుగుతున్నాం. ‘పాటలో ఎవరైనా పాడుకోవచ్చు కదా’ అంటారు. డిపాజిట్టు కట్టే డబ్బు ఎవరి చేతిలో ఉంది? హామీగా చూపే ఇల్లూ పొలమూ ఎవరి పేరున ఉన్నాయి? ఆస్తి లేనివాళ్ళకి వేలం పాటలో సమానత్వం ఎక్కడిది?

ప్రభుత్వం అప్పు ఇస్తుంది, చోటు ఇవ్వదు. 2020లో వచ్చిన కేంద్ర సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధనం ఉంది. అది సరుకులకీ చిన్న పనిముట్లకీ సరి. 2006 నాటి ఆహార భద్రతా చట్టం చిన్న తయారీదారు కూడా నమోదు చేసుకోవాలని, శుభ్రత పాటించాలని అంటుంది. మంచి నిబంధనే. ఆరుగురు పడుకునే ఇంట్లో, ఆ ఇంటి పొయ్యి మీదే దాన్ని పాటించేదెలా?

2018లో అయిదు రూపాయల భోజనానికి అన్న క్యాంటీన్లు తెరిచారు. 2019లో మూసేశారు. 2024లో మళ్ళీ తెరిచేదాకా చాలాచోట్ల ఆ భవనాలకి తాళాలే. తెరిచాక కూడా వంట ఒక పెద్ద సంస్థ చేతికే వెళ్ళింది. కేరళలో 2020 నుంచి కుటుంబశ్రీ స్త్రీలే జనకీయ హోటళ్ళు నడిపి 20 రూపాయలకి భోజనం పెట్టారు. అయితే 2023లో అక్కడి ప్రభుత్వం సబ్సిడీ ఆపేసింది. చవక భోజనం పేరుతో భారం మళ్ళీ ఆ స్త్రీల మీదే పడింది. చోటు ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే ఏమవుతుందో ఇది చెబుతోంది.

కాబట్టి మన కోరికలు స్పష్టంగా ఉండాలి. వేలం లేకుండా, కనీసం అయిదేళ్ళ లీజు, పనిచేసే స్త్రీల పేరునే ఇవ్వాలి. నీళ్ళు, మరుగుదొడ్డి, పిల్లల్ని చూసే ఏర్పాటు ఉండాలి. ప్రభుత్వం చవకగా భోజనం పెట్టమంటే దాని ఖర్చు, కూలితో సహా, తనే భరించాలి. దళిత స్త్రీని గిన్నెలు తోమడానికి పిలిచి పొయ్యి దగ్గరికి రానివ్వని సంఘానికి ఆ కొట్టు దక్కకూడదు.

షట్టరు వెనక ఉన్నది ప్రజల ఆస్తి. ఊరికి అన్నం పెట్టే చేతులు దాని తాళంచెవి అడుగుతున్నాయి. అది దయ కాదు, హక్కు.